పరుల పేరు, మన నోరు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున నార్కట్‌పల్లి దాటిన పిదప, నకిరేకల్ చేరకమునుపు, కట్టంగూర్ వచ్చును. నల్లగొండ జిల్లాలో అది యొక మండల కేంద్రము. అచ్చట బస్సు కొఱకు వేచియుండువారు ప్రక్కనున్న చాయ్ హోటలు నీడను నిలుచుట వాడుక. ఒకనాటి సాయంకాలము మేమును అట్లే నిలిచియుండగా అరగంటలో మూడు మాటలు మా చెవిని పడినవి.

పత్తి చేనిలో పనిచేసి వచ్చిన యొక స్త్రీ “పటేలా, కూలి జర పెంచరాదే” అని అడిగినది. అందుకా రైతు “నేనేమన్న టాటానా, బిర్లానా?” అని నవ్వి చాయ త్రాగుచుండెను. మఱియొక బల్లమీద నిద్దఱు కూర్చుండి, లంచము పుచ్చుకొనని యొక యుద్యోగిని గూర్చి “పెద్ద గాంధీ దిగిండు మనకు” అని యెత్తిపొడుచుచుండిరి. మూడవ మాట పలికినది ఎనిమిదేండ్ల బాలిక. సంచి భుజమున వేసికొని బడినుండి వచ్చి, తన తాత ప్రక్కను కూర్చుండి, “మా అమ్మ పెద్ద హిట్లర్ తాతా” అని మొఱపెట్టుకొనెను. ఎనుబదియైదేండ్లు దాటిన యా వృద్ధుడు కొంతసేపూరకుండి, “హిట్లరంటె ఎవరు బిడ్డా?” అని యడిగెను. “గట్టిగ అరిచేటోళ్ళు” అని యా పిల్ల తడుముకొనక చెప్పెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. బస్సెక్కిన తరువాత మాత్రము ఆ నవ్వు మాతో రాలేదు.

ఒక మనుష్యుని పేరును మనము వాడుకమాటగా చేసికొన్నప్పుడు ఆ పేరుపట్ల మనకేమైన ధర్మమున్నదా? లేక నోట బడిన నాణెమువలె దానిని ఇష్టము వచ్చినట్లు చెలామణి చేసికొనవచ్చునా? ఈ ప్రశ్న చిన్నదిగా గనుపించును. ఇంటిలో రోజును పుట్టు మాటలనుబట్టియే పిల్లలకు మంచిచెడ్డల కొలత యేర్పడును గనుక, ఇది గృహస్థులు విచారింపదగిన ప్రశ్నయేయని మా తలంపు.

పేరును మాటగా వాడుట మనకు క్రొత్తగాదు. సత్యము పలుకువానిని హరిశ్చంద్రుడనియు, దాతను కర్ణుడనియు, నిద్రపోతును కుంభకర్ణుడనియు, కీడు బోధించువానిని శకునియనియు అనుచునే యున్నాము. కాని యందొక భద్రత యున్నది. శకుని యను మాట పలుకు ముసలమ్మకు శకుని కథ యంతయు తెలియును. పాచికలును, జూదమును, నిండుకొలువులో ద్రౌపదికి జరిగిన పరాభవమును ఆ మాట వెంటనే వచ్చును. పేరును కథయు విడిపోలేదు. అంతేకాక శకునికి నేడు మన వీథిలో మనుమలు లేరు.

ఇటీవల వచ్చిన పేర్ల సంగతి వేఱు. అవి పురాణపురుషుల పేర్లు గావు. అందులోను అవి ఇంటిపేర్లు. మన దేశమున మనిషిని సొంతపేరుతో పిలుచుట వాడుక. ఇంటిపేరు కుటుంబమునకంతకును చెందిన యుమ్మడి యాస్తి. తెల్లవారును ఉత్తరాదివారును మనకు తఱచుగా ఇంటిపేరుతోనే పరిచయమగుటవలన మాటగా మాఱినది వారి కుటుంబమందఱి పేరు. ఇది యెంత పెద్ద సంగతియో కట్టంగూర్‌లో నిలిచి యోచించిన సులభముగా తెలియును. ‘కట్టంగూరి’ యనునది తెలంగాణమున నొక యింటిపేరు. మన యింటిపేర్లలో ననేకము ఇట్లే ఊళ్ళనుబట్టి వచ్చినవి; ఒకే యింటిపేరు వేర్వేరు కులములలో గానవచ్చును. ఎక్కడనో యొక కట్టంగూరివాడు ఘోరము చేసెననియు, లోకమాతని యింటిపేరునే యా ఘోరమునకు పేరుగా పెట్టెననియు అనుకొందము. బడిలో హాజరు పిలుచునప్పుడు ఆ పేరుగల పిల్లలందఱును తలవంచుకొనవలసివచ్చును గదా!

ఇట్లు పేరు మాటయగుట యెల్లప్పుడును కీడేయని మేమనము. కృతజ్ఞతచేత మాటయైన పేర్లును గలవు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, 1827లో పత్తికొండలో కలరా సోకి మృతిజెందిన థామస్ మన్రో పేరును రాయలసీమ రైతులు తమ బిడ్డలకు ‘మన్రోలప్ప’ యని పెట్టుకొనిరి. 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన కాటన్ గోదావరిసీమలో అపర భగీరథుడైనాడు. మన యూరినుండి పట్నము పోవు బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటిన వెంటనే మూసారాంబాగు వచ్చును. రెండవ నిజాము కొలువులో సేనానిగా నుండి 1798లో చనిపోయిన రేమాన్ అను ఫ్రెంచివానిని హిందువులు మూసారామ్ అనియు, ముసల్మానులు మూసా రహీమ్ అనియు పిలుచుకొనిరి. పరదేశి పేరు పలుకుటకు నోరు తిరుగకపోగా, ఎవరి దేవుని పేరు వారు దానికి తగిలించి తమవానిగా చేసికొనిరి. అదియే నేడు మెట్రో రైలు స్టేషను బోర్డుమీదికిని ఎక్కినది. తప్పు పలుకుటలో గూడ ఇంత యాదరముండుట చూడగా మాకు సంతోషము కలుగును.

కీడును మేలును లేక వస్తువుపై నిలిచిపోయిన పేర్లు మఱికొన్ని. ఎండలో పనిచేయు మన కూలివాడు తొడుగుకొను చేతులులేని బనియనును ‘శాండో బనియను’ అందుము. ప్రష్యాలో 1867లో పుట్టి, తన కండలబలము ప్రదర్శించుచు దేశములు తిరిగి, మన దేశమునకును వచ్చి, 1925లో మరణించిన యూజెన్ శాండో పేరది. తమాషా యేమనగా అది యాతడు పుట్టుకతో తెచ్చుకొన్న పేరు గాదు, ప్రదర్శనలకై పెట్టుకొన్నది. కోరి తెచ్చుకొన్న పేరు బట్టకు మిగిలినది. అందువలన నెవరికిని నష్టము లేదు.

నష్టమెక్కడ మొదలగునో తెలియుటకు ఫ్రాన్సు దేశపు వైద్యుని కథ వినదగినది. గిలొటాన్ అను డాక్టరు మరణశిక్షకు విరోధి. దానిని మాన్పుట తన చేతగాకపోవుటచేత, చంపకతప్పనప్పుడు ధనికునికిని దరిద్రునికిని ఒకే తీరుగ, బాధలేకుండ జరుగవలెనని 1789లో సభయందు వాదించెను. యంత్రమును రూపొందించినది వేఱొక వైద్యుడు. తయారుచేసినది వేఱొక పనివాడు. పేరు మాత్రము ఈతనికి తగులుకొన్నది. 1814లో ఈయన రోగముచే మరణించెను. పేరు మాత్రము కత్తితో నిలిచిపోయెను. నేటికిని మన పార్లమెంటులో చర్చలేకుండ పద్దులను ఒక్కమాఱుగా ఆమోదించుటను ‘గిలటిన్’ అందురు. దయతో మాట్లాడినవాని యింటిపేరు కోతకు పర్యాయపదమైనది. లోకము పేరు పెట్టునప్పుడు విచారణ జరిపి పెట్టదు, చేతికందినది పెట్టును.

ఒకానొకప్పుడు లోకము సరిగానే గుఱిచూచును. ఐర్లండులో మేయో ప్రాంతమున ఒక ప్రభువు భూములకు పెత్తనదారుగానుండిన కెప్టెన్ బాయ్‌కాట్ కౌలుదార్లను వెడలగొట్టబూనగా, 1880లో ఊరివారందఱు ఆతనితో మాటయు పనియు మానిరి. కోతకు కూలివాడు లేడు, అంగడివాడు సరకీయడు. పంట కోయుటకు పరప్రాంతమునుండి యేబదిమందిని, వారికి కాపలాగా సైనికులను తెప్పింపవలసివచ్చెను. ఆ యేడాదిలోనే ఆతని పేరు క్రియాపదమైనది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌనుహాలులో విదేశీవస్త్ర బహిష్కారమును ప్రకటించునప్పటికి ఆ పేరు మన దేశపు మాటయును అయినది.

ఈ పని మన పల్లెలకు పాతదే. చాకలి మంగలి బందు చేయుట, నిప్పు నీరు ఇయ్యకుండుట, వెలివేయుట మనమెఱుగనివి గావు. అయితే మన వెలి సాధారణముగ బలవంతుడు బలహీనునిపై వేసినది. కులపెద్దలు వితంతువును పెండ్లాడినవానిని వెలివేసిరి. కూలి యడిగిన మాల మాదిగలను ఊరుమ్మడిగా వెలివేసిన వార్తలు నేటికిని విందుము. ఐర్లండు రైతులు ఆ యాయుధమునే త్రిప్పి పట్టిరి. బాయ్‌కాట్ అను మాట వెనుక నున్న కథ తెలిసినవాడు దానిని బలహీనునిపై ప్రయోగించుటకు సిగ్గుపడవలెను. కథ తెలియనివానికి అది వెలికి మఱియొక పేరు మాత్రమే.

ఇప్పుడు చాయ్ హోటలు దగ్గఱకు తిరిగి వత్తము. “నేను టాటానా, బిర్లానా?” యను మాట పైకి వినయముగా గనుపించును. తన లేమిని తానే చెప్పుకొనుట గదా! కాని యది యెప్పుడు పలుకబడుచున్నదో గమనింపుడు. అప్పులవాడు వచ్చినప్పుడు, పనిమనిషి జీతము పెంచుమన్నప్పుడు, కూలి స్త్రీ చేయిచాచినప్పుడు పలుకబడుచున్నది. ఎక్కడనో యున్న మహాధనికునితో తన్ను పోల్చుకొని, తాను బీదవాడనని తేల్చుకొని, ఎదుటనున్న నిజమైన బీదరాలిని త్రిప్పిపంపుటకు ఆ పేర్లు పనికివచ్చుచున్నవి. జంషెడ్జీ టాటా 1904లో చనిపోయెను. ఆయన సంకల్పించిన విజ్ఞాన పరిశోధనాలయము 1909లో బెంగుళూరున వెలసినది. ఆ సంగతి మన మాటలో లేదు. ధనము మాత్రమే యున్నది. మన యిండ్లలో గిన్నెలు తోమునామె ఎన్నడును మనలను టాటా చేసిన పని చేయుమని యడుగలేదు. తన కష్టమునకు తగినది యడిగినది. ఆమెకియ్యవలసిన యుత్తరము అవుననియో కాదనియో సూటిగా నుండవలెను. పరుల పేరు చాటున దాగుట మర్యాద గాదు.

గాంధీ యను పేరు పడిన పాటు ఇంకను చిత్రము. గుజరాతీలో గాంధీ యనగా పచారీ సరకులమ్మువాడు. గంధద్రవ్యముల వర్తకమునుండి వచ్చిన పేరు. వృత్తి యింటిపేరైనది, ఇంటిపేరు మహాత్ముని పేరైనది, మహాత్ముని పేరు మరల బజారుమాటయైనది. తిరిగి రాని బాకీని అరవదేశమున ‘గాంధీ కణక్కు’, అనగా గాంధీ లెక్క, అందురు. 1996 నుండి వచ్చిన నోట్లపై ఆయన బొమ్మ యుండుటచేత, ‘గాంధీ బొమ్మ చూపిన పని యగును’ అను మాట మన కచ్చేరీలచుట్టు పుట్టినది. లంచమునకును గాంధీయే, లంచము ముట్టనివానిని వెక్కిరించుటకును గాంధీయే! ఈ రెండు వాడుకలును ఒకే నోటినుండి వెడలుచుండ మేము విన్నాము. గాంధీగారికి దీనివలన కలుగు కొఱతలేదు. ఆయన బ్రతికియుండగా ఇంతకంటె కఠినములైన మాటలు విని సహించినవాడు. కొఱత కలుగునది ఆ యుద్యోగికి. నిజాయితీగా నుండుట నవ్వులపాలగుటకు హేతువైన యూరిలో రెండవ నిజాయితీపరుడు పుట్టుట కష్టము. పరిహాసము శిక్షకంటె తీక్ష్ణమైనది. శిక్షకు జాలిపడువారుందురు, పరిహాసమునకు జాలిపడువారు లేరు.

ఇక మూడవ మాట. 1933 జనవరి 30న జర్మనీ ప్రధానియై, 1945 ఏప్రిల్ 30న తన్ను తాను చంపుకొనువఱకు హిట్లరు నడపిన పాలనలో ఇంచుమించు 60 లక్షలమంది యూదులు చంపబడిరి. వారిలో పిల్లలే సుమారు 15 లక్షలు. రోమాజాతివారిని, అంగవికలులను, మతిస్థిమితములేనివారిని గూడ పట్టి చంపిరి. 1945 జనవరి 27న రష్యా సేనలు ఆష్విట్స్ చెఱను విడిపించినప్పుడు అచ్చట దొరకినవి చచ్చినవారి జోళ్ళును, కళ్ళజోళ్ళును, వెండ్రుకల మూటలును. దొంతులుగా పేర్చియున్నవి. ఆ పేరును మనము ఎక్కాలు అప్పచెప్పుమన్న తల్లికి, దీపములార్పుమన్న హాస్టలు వార్డెనుకు, ఆలస్యమునకు కోపించిన హెడ్మాస్టరుకు తగిలించుచున్నాము.

ఇందు రెండు దోషములున్నవని అందఱును ఒప్పుకొందురు. తల్లి కోపము ఘోరముగా పెంచబడినది. ఘోరము తల్లి కోపమంతకు కుదించబడినది. మూడవ దోషము మాకు ఈ రెంటికంటెను భయంకరముగా తోచుచున్నది. హిట్లరనగా గట్టిగా అరచువాడని నేర్చిన పిల్ల పెద్దదైన తరువాత, “ఈ దేశానికి హిట్లర్ లాంటోడు రావాలె, అప్పుడుగాని బాగుపడదు” అని యెవరైన బస్సులో అనగా విన్నచో ఉలికిపడదు. గట్టిగా అరచి పనిచేయించువాడు రావలెనని మాత్రమే దానికర్థమగును. ఆ మాటను మేము ఎన్నిమాఱులో వింటిమి. చదువుకొన్నవారి నోటనే తఱచుగా వింటిమి. ఇంటిలో పేరు మెత్తబడినందువలననే బజారులో దానికి కోరిక పుట్టుచున్నది.

ఇచ్చట నొకరు మమ్మడుగవచ్చును: “మాటలన్నిటికిని పన్ను కట్టవలెనా? బిడ్డ సరదాకన్నది. పెద్దలపై పిల్లలకున్న యాయుధము హాస్యమొక్కటే; దానిని గూడ లాగుకొందురా?” ఈ యాక్షేపణ తోసివేయదగినది గాదు. హాస్యము బలహీనుని యాయుధమనుట నిజము. కాని యా యాయుధము గుఱిని తగులుచున్నదా? పదవతరగతి ముగిసినంతనే కూతురి చదువు మాన్పించి పెండ్లి సంబంధములు చూచు తండ్రి యున్నాడనుకొందము. ఆ పిల్ల చెలికత్తెలతో “మా నాన్న హిట్లర్” అనును. వారు నవ్వుదురు. ఆ మాట తండ్రి చెవిని పడిన ఆయనయు నవ్వును. మీసము కొంచెము దువ్వుకొనును గూడ. “నన్ను చదువుకోనిస్తలేడు” అని యా పిల్ల తిన్నగా చెప్పియున్న ఒక యుపాధ్యాయురాలో, మేనత్తయో అడుగవలసివచ్చి యుండెడిది. పెద్ద పేరు చిన్న నిజమును మ్రింగివేసినది. ఫిర్యాదు ఛలోక్తి యైనప్పుడు దానికి విచారణ జరుగదు.

మన పల్లెజనము ఈ విషయమున మనకంటె వివేకము చూపిరని మాకు తోచును. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరుగువఱకు ఈ సీమ పడిన బాధ జ్ఞప్తియందున్నవారు ఇంకను కొందఱున్నారు. చిట్యాల దగ్గఱి గుండ్రాంపల్లి హత్యలను తలచుకొని కంటనీరు పెట్టు కుటుంబములున్నవి. ఆ దళములకు నాయకుడు ఖాసిం రజ్వీ. అయినను జనులు ‘రజ్వీ’ యను మాటను తిట్టుగా చేసికొనలేదు. ‘రజాకారు’ అను మాటను చేసికొనిరి. వెట్టి చేయించుకొన్నవాని యింటిపేరును తిట్టుగా చేసికొనలేదు. ‘దొరతనము’ అనుమాటనే అందుకు వాడిరి. దోషము పనికి అంటించిరి, వంశమునకు అంటింపలేదు. కావలసిననాడు ఎవడైనను ఆ పనిని మానవచ్చును; ఇంటిపేరును మానుట అంత సులభముగాదు. హిట్లరు సవతియన్న కుమారుడొకడు రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా నౌకాదళమున చేరి పినతండ్రి పక్షముపై పనిచేసియు, యుద్ధానంతరమున ఆ యింటిపేరును విడిచి వేఱు పేరు పెట్టుకొనవలసివచ్చెను. ఆతడు చేసిన నేరమేమి?

పుట్టుకతో వచ్చిన పేరును తిట్టుగా మార్చుటలో మనము ప్రపంచమునకు తీసిపోలేదు. కులముల పేర్లను వెక్కిరింతలుగా, మోటుదనమునకు, మురికికి, పిసినితనమునకు పర్యాయపదములుగా వాడిన నోళ్ళు మనవే. కొన్నిటిని అరికట్టుటకు 1989లో చట్టమే చేయవలసివచ్చినది. చట్టము వీథిలోని నోటిని కట్టగలదు. వంటయింటిలోని నోటిని కట్టుట గృహస్థుల పని. ప్రసిద్ధుని యింటిపేరు విషయమున మేమిప్పుడు చెప్పుచున్న ధర్మమే అనామకుని కులము పేరు విషయమునను వర్తించును. ఎవడు తాను చేయని పనికి తన పేరుచేత శిక్షింపబడుచున్నాడో ఆతని పక్షమున మనముండవలెను.

కావున మా మనవి యింతమాత్రమే. పేర్లను మాటలుగా వాడుకొనుడు. భాష అట్లే పెరుగును. ఒక పేరు పిల్లల నోట మొదటిసారి వినబడిననాడు ఆ పేరుగలవాని కథ నాడే చెప్పుడు. ఆ పేరు ఎవరిని నవ్వులపాలు చేయుచున్నదో, ఎవరికి తప్పించుకొను త్రోవ చూపుచున్నదో ఒక్క క్షణము యోచింపుడు. సూటిగా చెప్పదగిన నిజమున్నచోట సూటిగనే చెప్పుడు.

కొన్ని దినములకు మేము మరల కట్టంగూర్‌లో దిగినప్పుడు ఆ తాతయు మనుమరాలును అచ్చటనే యుండిరి. ఆ వృద్ధుడు నిజాముకాలపు బడిలో ఉర్దూ అక్షరములు దిద్దినవాడు. పదేండ్ల వయసున తాను తల్లితో జొన్నచేనిలో రాత్రియంతయు దాగియున్న సంగతి ఆ పిల్లకు చెప్పుచుండెను. పిల్ల తినుచున్న బిస్కత్తును చేత పట్టుకొని వినుచుండెను. కథ ముగిసిన పిమ్మట, “రజాకార్ అంటె ఏంది తాతా? చంపేటోడా?” అని యడిగెను.

“కాదు బిడ్డా,” అనెను తాత. “పైస తీసుకోకుండ నలుగురికి సాయం చేసేటోడని దాని అర్థం. మాట మంచిదే. పెట్టుకున్నోళ్ళు చెడగొట్టిండ్రు.”

పిల్ల కొంతసేపాలోచించి, “మరి అమ్మను ఏమనాలె?” అని యడిగెను.

“అమ్మ ఏం చేసిందో అది చెప్పు. నేను అడుగుత,” అనెను తాత.